సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్

26 సంవత్సరాల ప్రాయం ఏ గాయకునికైనను ఆరంభదశయే. గళం అప్పుడప్పుడే పక్వానికి వస్తుంది. విన్నదానిని అనుకరించుట మాని తనదైన మార్గాన్ని వెదకుకొనే కాలమది. అమెరికా గాయకుడు ఓటిస్ రెడ్డింగ్‌కు ఆ ప్రాయంలోనే ఆయువు తీరినది. అతని ప్రసిద్ధమైన రికార్డులన్నియు 1962 అక్టోబరుకు, 1967 డిసెంబరుకు నడుమ వెలువడినవో, సిద్ధమైనవో మాత్రమే. లోకమంతటా అతని పేరు మారుమ్రోగించిన పాటను అచ్చైన రికార్డుగా చూచే భాగ్యం కూడ అతనికి లేకపోయినది. అయినను ఆ కొద్దికాలంలోనే అతడు 'సోల్' అనే సంగీతసంప్రదాయానికి ప్రతినిధి అయినాడు. ఈ కీర్తికి అతని గళమొక్కటే కారణమని చెప్పుట సగం సత్యమే అవుతుంది. ఆ గళంతో సమానంగా నిలిచి పలికిన వాద్యబృందాల కథ కూడ చెప్పినప్పుడే అతని జీవితకథ పూర్తి అవుతుంది.

సోల్ అనే మాటకు ఆత్మ అని అర్థం. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో తరతరాల బానిసత్వపు బరువు మోసిన నల్లజాతి ప్రజలకు చర్చియే ప్రార్థనాలయం, సభాభవనం, సంగీతశాల కూడ. అక్కడ బోధకుడు ఒక వాక్యాన్ని ఎత్తుకుంటాడు. సమాజమంతా దానిని అందుకుంటుంది. మన పల్లెల భజనగోష్ఠిలో ముందు పాడేవానికి తక్కినవారు వంత కలపటం వంటిదే ఇది. భావం ముదిరినకొద్దీ లయ వేగిరపడుతుంది, చప్పట్లు కలుస్తవి, పాట ఆవేశంగా మారుతుంది. 1950వ దశకంలో రే చార్లెస్, శామ్ కుక్ మొదలైనవారు ఈ పద్ధతిని లౌకికగానంలోనికి తెచ్చినారు. దైవాన్ని పిలిచిన గొంతుతోనే ప్రేయసిని పిలిచినారు. భక్తులు కొందరు దీనిని అపచారమన్నారు. యువతరం మాత్రం అక్కున చేర్చుకొన్నది.

ఓటిస్ 1941 సెప్టెంబరు 9న జార్జియా రాష్ట్రంలోని డాసన్ అనే చిన్న ఊళ్ళో జన్మించినాడు. తండ్రి పేరు కూడ ఓటిసే. ఆయన మొదట కోరుకు సేద్యం చేసినవాడు. కుమారుని పసితనంలోనే కుటుంబం మేకన్ పట్టణానికి తరలివచ్చినది. అక్కడ తండ్రి వైమానికదళ స్థావరంలో కొలువుచేస్తూ, అప్పుడప్పుడు చర్చిలో బోధించేవాడు. బాలుడు చర్చి గాయకబృందంలో పాడి గొంతు సవరించుకొన్నాడు. తండ్రికి క్షయవ్యాధి సోకటంతో ఇంటిబరువు పిల్లవానిమీద పడినది. 15వ ఏట బడి మాని, బావులు త్రవ్వినాడు, పెట్రోలు బంకులో పనిచేసినాడు, అవకాశం దొరికిన ప్రతిచోటా పాడినాడు.

మేకన్ పట్టణానికి అప్పటికే సంగీతంలో ఒక ప్రతిష్ఠ ఉన్నది. లిటిల్ రిచర్డ్ అనే ఉద్ధతగాయకుడు ఆ ఊరివాడే. ఓటిస్ మొదట అతనిని అచ్చుగుద్దినట్లు అనుకరించేవాడు. డగ్లస్ థియేటరులో యువకులకు జరిగే పోటీలలో వరుసగా 15 వారాలు బహుమతి పొందినాడని ప్రసిద్ధి. ఎడమచేతితో గిటారు వాయించే జానీ జెంకిన్స్ ఆ పోటీలలోనే అతని ప్రతిభను గుర్తించి తన బృందంలో చేర్చుకొన్నాడు. ఫిల్ వాల్డెన్ అనే తెల్లజాతి కళాశాల విద్యార్థి వీరి కచేరీలకు ఏర్పాట్లు చూచేవాడు. జాతిభేదం శాసనంగా అమలు జరుగుతూన్న ఆ రాష్ట్రంలో ఇట్టి స్నేహం సామాన్యమైనది కాదు. 1961లో ఓటిస్ జెల్మా అట్‌వుడ్‌ను వివాహమాడినాడు.

ఇక్కడ మెంఫిస్ నగరాన్ని గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. టెనెసీ రాష్ట్రంలోని ఆ నగరంలో జిమ్ స్టూవర్ట్, అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ అనేవారు 1957 ప్రాంతంలో ఒక చిన్న రికార్డుల సంస్థను ప్రారంభించినారు. తమ్ముడు బ్యాంకు ఉద్యోగి. రికార్డుల పనిముట్లు కొనుటకై అక్క తన ఇంటిని తాకట్టు పెట్టినది. 1960లో వారు మెక్‌లెమోర్ అవెన్యూలో మూతబడిన ఒక సినిమాహాలును అద్దెకు తీసుకొన్నారు. కుర్చీలు తీసివేసినారు గాని, ప్రేక్షకులకు తెర కనిపించుటకై ఏటవాలుగా కట్టిన నేలను సమం చేయుటకు డబ్బు చాలలేదు. ఆ ఏటవాలు నేలమీదనే వాద్యాలు అమరినవి. ఇరువురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలను జోడించి సంస్థకు 'స్టాక్స్' అని పేరు పెట్టినారు. హాలు ముందుభాగంలో మిఠాయిలు అమ్మినచోట ఎస్టెల్ రికార్డుల దుకాణం తెరిచినది. చుట్టుప్రక్కల వాడలలోని నల్లజాతి పిల్లలు పాటలు వినుటకు అక్కడికి వచ్చి, కొందరు లోపలికి నడిచి వాద్యకారులైనారు.

ఆ హాలులో నలుగురు వాద్యకారులు స్థిరపడినారు. ఆర్గను వాయించే బుకర్ టీ జోన్స్, డ్రమ్ములు వాయించే ఆల్ జాక్సన్ నల్లజాతివారు. గిటారు వాయించే స్టీవ్ క్రాపర్, కొంతకాలానికి బేస్ గిటారు చేపట్టిన డక్ డన్ తెల్లజాతివారు. వీరి బృందానికి బుకర్ టీ అండ్ ది ఎం.జీ.స్ అని పేరు. 1962లో వీరి 'గ్రీన్ ఆనియన్స్' అనే వాద్యగీతం దేశమంతటా ప్రసిద్ధి పొందినది. అప్పటికి బుకర్ వయస్సు 17 సంవత్సరాలే. హాలు వెలుపల నల్లవారు, తెల్లవారు ఒకే బల్లవద్ద భోజనం చేయుట దుర్లభమైన కాలమది. హాలు లోపల మాత్రం తాళం తప్పినవాడెవ్వడు, నిలిపినవాడెవ్వడు అనే విచారణ తప్ప మరొక విచారణ లేదు.

1962 అక్టోబరులో జానీ జెంకిన్స్ అక్కడ రికార్డు చేయుటకు వచ్చినాడు. కారు నడుపుకొని వచ్చినది ఓటిస్. సామాను మోసి లోపల పెట్టిన ఆ పొడగరి యువకుని అచ్చటివారు కారు డ్రైవరనే అనుకొన్నారు. జెంకిన్స్ వాద్యం ఆనాడు కుదరలేదు. అద్దె చెల్లించిన సమయం కొంత మిగిలినది. తనకు ఒక్క అవకాశం ఇమ్మని ఓటిస్ ఉదయంనుండి అడుగుతూనే ఉన్నాడు. చివరకు ఒప్పుకొన్నారు. మొదట లిటిల్ రిచర్డ్ బాణీలో పాడినాడు, ఎవరికీ నచ్చలేదు. పిదప తాను కట్టుకొన్న 'దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్' అనే నిదానమైన పాట ఎత్తుకొన్నాడు. క్రాపర్ పియానో ముందు కూర్చుండి తోచినట్లు సహకరించినాడు. అనుకరణను విడిచిన ఆ క్షణంలోనే ఓటిస్ గాయకుడైనాడని చెప్పవచ్చును. స్టాక్స్ అనుబంధసంస్థ అయిన వోల్ట్ ద్వారా ఆ పాట వెలువడి, మరుసటి సంవత్సరం జనాదరణ పొందినది.

రెడ్డింగ్‌కు స్వరలిపి చదివే చదువు లేదు. అయినను వాద్యరచన అతనిదే. ట్రంపెట్టు వాయించే వేన్ జాక్సన్, శాక్సఫోను వాయించే ఆండ్రూ లవ్ మొదలైన ఊదువాద్యాలవారి ముందు నిలిచి, ఎవరు ఏమి పలికించవలెనో నోటితోనే పాడి వినిపించేవాడు. ఒక్కొక్కరికి వేరువేరుగా పాఠం చెప్పి, అందరూ కలిసి వాయించగా విని, ఎగిరి గంతువేసేవాడు. 1966లో క్రాపర్‌తో కలిసి కట్టిన ఒక పాటకు ఆ నోటి కూతలే పల్లవి అయినవి. బుర్రకథలో కథకుని మాటను వంతలు అందుకొన్నట్లు అతని పాటలలో గళానికి ఊదువాద్యాలు బదులు పలుకుతవి. సామాన్యంగా అమెరికా పాటలలో వెనుకనుండి స్త్రీలు పాడే వంతపాట అతని రికార్డులలో అరుదు. ఆ స్థానం వాద్యాలదే. తొలిరోజులలో అందరూ ఒకే గదిలో ఒకేమారు వాయించి రికార్డు చేయవలసినదే. ఒక్కరు పొరపాటు చేస్తే పాట మొదటికి వచ్చేది. కావుననే ఆ రికార్డులలో ఒకరినొకరు చెవియొగ్గి వింటూన్న మనుష్యుల జాగరూకత నేటికీ వినబడుతుంది.

1964 డిసెంబరులో శామ్ కుక్ తుపాకి గుండుకు బలి అయినాడు. రెడ్డింగ్‌కు ఆయన గురుతుల్యుడు. 1965 జూలైలో రికార్డు చేసిన 'ఓటిస్ బ్లూ' అనే సంపుటంలో కుక్ పాటలు 3 చేర్చి ఆ ఋణాన్ని కొంత తీర్చుకొన్నాడు. ఆ సంపుటంలోని పాటలు దాదాపు అన్నియు ఒక పగలు, ఒక రాత్రి వ్యవధిలోనే సిద్ధమైనవి. రాత్రి నడుమ వాద్యకారులు నగరంలోని తమ కచేరీలకు వెళ్ళి, తిరిగివచ్చి పని కొనసాగించినారు. అందులో రెడ్డింగ్ స్వయంగా రచించిన 'రెస్పెక్ట్' అనే పాట ఉన్నది. ఇంటికి చేరిన పురుషుడు తనకు మర్యాద దక్కవలెనని కోరే పాట అది. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ దానినే స్త్రీ నోట పలికించి దేశంలో ప్రథమస్థానం సంపాదించినది. స్త్రీల హక్కులకు, నల్లజాతివారి ఆత్మగౌరవానికి ఆ పాట పతాక అయినది. పాటను కట్టినవాడు ఒకడైనను, దానికి పూర్ణార్థం కల్పించినది ఆమెయేనని సంగీతజ్ఞులు భావిస్తారు.

రెడ్డింగ్ కళకు పరాకాష్ఠ 1966లో రికార్డు చేసిన 'ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్'. అది 1932 నాటి పాత పాట. అంతకుముందు ఎందరో సుకుమారంగా పాడినది. రెడ్డింగ్ దానిని చాల నిదానంగా, దాదాపు మాట్లాడుతూన్నట్లు ప్రారంభించినాడు. ఆల్ జాక్సన్ డ్రమ్ము అంచుమీద గడియారపు చప్పుడువలె చిన్న దెబ్బ మాత్రం వేస్తూ పోయినాడు. ఒక్కొక్క వాద్యమే వచ్చి చేరుతుంది. విలంబం మధ్యమమై, మధ్యమం ద్రుతమవుతుంది. చివరకు మాటలు చెదరిపోయి, శబ్దాలు మాత్రం మిగిలి, గాయకుడూ వాద్యకారులూ ఒకే ఊపిరిగా పరుగెత్తుతారు. మన సంగీతంలో ఒకే పంక్తిని సంగతులు వేసి పెంచుకొనిపోయే పద్ధతి తెలిసినవారికి ఈ నిర్మాణం కొత్తగా తోచదు. ప్రక్కవారు వేగం అందుకొనే క్షణానికై గాయకుడు ఓపికతో కాచుకొని ఉండుట ఇందలి రహస్యం.

1967 వసంతంలో స్టాక్స్ గాయకులూ వాద్యకారులూ ఐరోపా పర్యటించినారు. మెంఫిస్‌లో పేరైన తెలియని ఆ వాద్యకారులకు లండను, పారిస్ నగరాలలో లభించిన ఆదరం వారినే ఆశ్చర్యపరచినది. ఆ జూన్ 17 రాత్రి కాలిఫోర్నియాలోని మాంటరే సంగీతోత్సవంలో రెడ్డింగ్ వేదిక ఎక్కినాడు. శ్రోతలలో అధికసంఖ్యాకులు తెల్లజాతి యువకులు. చాలమందికి అతడు కొత్తవాడు. వెనుక బుకర్ టీ బృందం, ఊదువాద్యాలవారు ఒకే రకమైన దుస్తులు ధరించి నిలిచినారు. పాడినవి 5 పాటలే. మొదటిది శామ్ కుక్ పాట, చివరిది 'టెండర్‌నెస్'. ఆ కొద్ది నిమిషాలలోనే ఆ జనసమూహం అతనిదైపోయినది. ఆ వేదికమీదనే మరునాటి మధ్యాహ్నం పండిత రవిశంకర్ సితారు వాయించినారు. తబలాపై అల్లా రఖా సహకరించినారు. ఆ ఉత్సవాన్ని గూర్చి తీసిన చలనచిత్రంలో ఇరువురి కచేరీల భాగాలూ నిలిచి ఉన్నవి.

మాంటరే పిదప రెడ్డింగ్ శాన్‌ఫ్రాన్సిస్కో సమీపాన సాసలీటో తీరంలో ఒక పడవయింట కొన్నాళ్ళు విశ్రమించినాడు. నిరంతరప్రయాణాలతో అలసిన మనిషి ఒడ్డున కూర్చుండి వచ్చిపోయే ఓడలను చూచే భావంతో అక్కడ ఒక పాట ఆరంభించినాడు. శరత్కాలంలో గొంతుకు శస్త్రచికిత్స జరిగి, కొన్నాళ్ళు మాట్లాడకుండ ఉండవలసివచ్చినది. గాయకునికి అంతకంటె భయంకరమైన మౌనం వేరొకటి లేదు. గళం తిరిగివచ్చినది. నవంబరు, డిసెంబరు నెలలలో స్టాక్స్ హాలులో విరామం లేకుండ పాట వెంట పాట రికార్డు చేసినాడు. క్రాపర్ తోడ్పాటుతో పూర్తి అయిన ఆ ఓడరేవు పాటయే '(సిట్టిన్ ఆన్) ది డాక్ ఆఫ్ ది బే'. దానిలో కేకలు లేవు, ఆవేశం లేదు. చివర మాటలు కూడ లేవు. ఒక ఈల మాత్రమే ఉన్నది. సంస్థలో కొందరికి ఆ కొత్తమార్గం రుచించలేదు. రెడ్డింగ్‌కు మాత్రం దానిపై గట్టి నమ్మకం కుదిరినది.

ఆ సంవత్సరం దేశాటనకు అతడు ఎన్నుకొన్న వాద్యబృందం బార్ కేస్. మెంఫిస్‌లో ఉన్నతపాఠశాల చదువు అప్పుడే ముగించిన యువకులు వారు. వారిలో ఐదుగురు నల్లజాతివారు, ఆర్గను వాయించే రానీ కాల్డ్‌వెల్ తెల్లజాతివాడు. ఆల్ జాక్సన్ వంటి పెద్దలవద్ద స్టాక్స్ హాలులోనే వారు పనిలో మెలకువలు నేర్చినారు. 1967లో వెలువడిన వారి 'సోల్ ఫింగర్' అనే ఉల్లాసభరితమైన వాద్యగీతంలో వెనుకనుండి వినవచ్చే కేకలు ఆ వీథి పిల్లలవే. వారికి ముట్టిన పారితోషికం కోకాకోలా సీసాలు. ఆ బృందం ఇక పెద్దదగునని అందరూ ఆశించినారు.

1967 డిసెంబరు 10, ఆదివారం. క్లీవ్‌లాండులో కచేరీ ముగించుకొని, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో ఆ రాత్రి పాడుటకు రెడ్డింగ్ తన చిన్న విమానంలో బయలుదేరినాడు. గమ్యం నాలుగైదు మైళ్ళ దూరంలో ఉండగా విమానం మొనోనా సరస్సులోని మంచునీటిలో కూలిపోయినది. రెడ్డింగ్, విమానచోదకుడు, పరిచారకుడుగా ఉన్న మాథ్యూ కెల్లీ, బార్ కేస్ యువకులు జిమ్మీ కింగ్, రానీ కాల్డ్‌వెల్, ఫేలన్ జోన్స్, కార్ల్ కన్నింగ్‌హామ్ మరణించినారు. ట్రంపెట్టు వాయించే బెన్ కాలీ ఒక్కడే ఆసనపు దిండును పట్టుకొని నీటిపై తేలి బ్రతికినాడు. తోడివారి ఆర్తనాదాలు విన్నాడు. ఈత రాని తాను ఏమీ చేయలేకపోయినాడు. బేస్ గిటారు వాయించే జేమ్స్ అలెగ్జాండరుకు ఆ విమానంలో చోటు చాలక వేరుగా ప్రయాణం చేయుటవలన ప్రాణం దక్కినది. ప్రమాదకారణం నిర్ణయం కాలేదు. డిసెంబరు 18న మేకన్‌లోని సభాభవనంలో వేలాదిజనం కడసారి వీడ్కోలు చెప్పినారు. రౌండ్ ఓక్ సమీపాన ఉన్న తన వ్యవసాయక్షేత్రంలో అతనిని సమాధి చేసినారు.

మిత్రుని మరణవార్త చెవిలో మ్రోగుతూండగానే క్రాపర్ ఆ చివరి పాటకు తుదిమెరుగులు దిద్దవలసివచ్చినది. అలల చప్పుడును, సముద్రపక్షుల కూతలను చేర్చి పాటను ముగించినాడు. 1968 జనవరిలో వెలువడిన ఆ రికార్డు మార్చిలో దేశంలో ప్రథమస్థానానికి చేరినది. గాయకుని మరణానంతరం ఆ స్థానం పొందిన తొలిపాట అదియే. నాలుగు వారాలు అది అక్కడ నిలిచినది. ఆ నాలుగు వారాలలోపుననే, ఏప్రిల్ 4న, అదే మెంఫిస్ నగరంలో లొరెయిన్ మోటెల్ వసారాలో మార్టిన్ లూథర్ కింగ్ హతుడైనాడు. స్టాక్స్ రచయితలు కూర్చుండి పాటలు కట్టుకొన్న బస అది. నల్లవారు, తెల్లవారు కలిసి పనిచేసిన ఆ హాలులో సైతం అటుపిమ్మట పూర్వపు నిశ్చింత నిలువలేదు.

ఆపద ఒంటరిగా రాలేదు. స్టాక్స్ రికార్డులను దేశమంతటా పంపిణీ చేసిన అట్లాంటిక్ సంస్థ 1967లో చేతులు మారినది. 1965లో జిమ్ స్టూవర్ట్ సంతకం చేసిన ఒప్పందంలోని ఒక నిబంధన అప్పుడుగాని అతని కంటబడలేదు. అంతవరకు అట్లాంటిక్ పంపిణీ చేసిన స్టాక్స్ రికార్డుల మూలప్రతులపై హక్కు అట్లాంటిక్‌దే అని ఆ నిబంధన సారాంశం. చదువకుండ చేసిన సంతకం ఏటవాలు నేలమీద వెల్లివిరిసిన పాటలను పరాధీనం చేసినది. గాయకుడు పోయినాడు, పాటలు పోయినవి. సంస్థ చేతిలో మిగిలినది పనిచేసే మనుష్యులు మాత్రమే.

ఆ మనుష్యులే మళ్ళీ పని ప్రారంభించినారు. బెన్ కాలీ, జేమ్స్ అలెగ్జాండరు కొత్త యువకులను చేర్చుకొని బార్ కేస్ బృందాన్ని తిరిగి నిలిపినారు. 1969లో ఐజాక్ హేస్ రికార్డు చేసిన 'హాట్ బటర్డ్ సోల్' అనే సంపుటంలో వాయించినది వారే. 1970 తర్వాత ఆ బృందం ఫంక్ మార్గం పట్టినది. సోల్‌లో గళానికి గల ప్రాధాన్యం ఫంక్‌లో లయకు వస్తుంది. బేస్ గిటారూ డ్రమ్ములూ ముందుకు వచ్చి, ప్రతి వాద్యమూ మృదంగంవలె తాళపు పని చేస్తుంది. ఆల్ జాక్సన్ నేర్పిన పొదుపు, రెడ్డింగ్ ఊదువాద్యాలకు నేర్పిన చురుకుదనం ఆ కొత్తసంగీతానికి పునాదిరాళ్ళలో చేరినవి. కాలీ 1971లో బృందాన్ని వీడినను ట్రంపెట్టును వీడలేదు. 2015లో కన్నుమూసేవరకు ఆ సరస్సు జ్ఞాపకం అతనిని వెన్నాడుతూనే ఉన్నది.

స్టాక్స్ సంస్థ 1975 డిసెంబరులో దివాలా తీసినది. అదే సంవత్సరం అక్టోబరులో ఆల్ జాక్సన్ తన ఇంటనే హత్యకు గురి అయినాడు. 1989లో పాత సినిమాహాలును పడగొట్టినారు. రెడ్డింగ్ పాటలు మాత్రం ఎవరి హక్కులో ఉన్నను జనం చెవులలోనే ఉన్నవి. 1969లో 'డాక్ ఆఫ్ ది బే'కు 2 గ్రామీ బహుమతులు లభించినవి. 1993లో అమెరికా తపాలాశాఖ అతని చిత్రంతో 29 సెంట్ల బిళ్ళ విడుదల చేసినది. మేకన్ నదీతీరంలో అతని విగ్రహం ఉన్నది. 2011లో జే జీ, కాన్యే వెస్ట్ అనే ఈ తరం కళాకారులు 'టెండర్‌నెస్' రికార్డులోని ధ్వనినే తీసుకొని కొత్త పాట అల్లి, దానికి 'ఓటిస్' అని పేరు పెట్టినారు. భార్య జెల్మా 2007లో అతని పేర ఒక సంస్థను నెలకొల్పి, పిల్లలకు సంగీతం నేర్పించే పనికి పూనుకొన్నది.

మెక్‌లెమోర్ అవెన్యూలో పాత హాలు ఉన్న స్థలంలోనే 2003లో స్టాక్స్ వస్తుప్రదర్శనశాల వెలసినది. వెలుపలి భాగాన్ని పూర్వపు రూపంలో తిరిగి కట్టినారు. లోపల రికార్డింగు గదిని ఏటవాలు నేలతోసహా పునర్నిర్మించినారు. ప్రక్కనే ఒక సంగీతపాఠశాల ఉన్నది. మంచునీటిలో మునిగిపోయిన ఆ నలుగురు యువకుల ప్రాయానికి ఇంకా రాని పిల్లలు అక్కడ ట్రంపెట్టు పట్టుటా, డ్రమ్ముమీద తాళం నిలుపుటా నేర్చుకొంటారు. ఓటిస్ రెడ్డింగ్ స్వరలిపి లేకుండ నోటితో పాడి చూపిన పలుకులు ఈ విధంగా చేతినుండి చేతికి సాగిపోతున్నవి.